కటానా కొనే ముందు: సాధనకు ఏది, సేకరణకు ఏది

జపాన్ తరహా కత్తి కొనాలని వెతికేవాళ్లు మొదట అడిగేది "ఇనుమును ఎన్నిసార్లు మడిచారు?" అని. తర్వాత "నిజంగా చేత్తో కొట్టిందేనా?" అని. అమ్మేవాళ్ల దగ్గర ఈ రెండింటికీ జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, అవి వినసొంపుగానూ ఉంటాయి. కానీ కత్తిని ఎంచుకోవడానికి ఆ జవాబులు పెద్దగా పనికిరావని నా అభిప్రాయం. ఆ కత్తితో ఏం చేయబోతున్నారు? మీరు ఉండే చోట దాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా? అమ్మేవాడు చెప్పిన మాటను మీరు ఎలా సరిచూసుకుంటారు? తేల్చుకోవాల్సినవి ఈ మూడు.

చూడ్డానికి ఒకేలా ఉన్నా, కటానా పేరుతో బజార్లో దొరికేవి నాలుగు వేర్వేరు వస్తువులు. మొదటిది ఇయాయిటో. ఇది జింకు, అల్యూమినియం కలిసిన లోహంతో పోతపోసిన, పదును లేని సాధన కత్తి. జపాన్‌లో తయారైనదానికి సుమారు 50 వేల నుంచి లక్ష యెన్లు, ఆపైన కూడా అవుతుంది. రెండోది చైనాలో, ముఖ్యంగా జెజియాంగ్ ప్రాంతంలోని లాంగ్‌చువాన్ పట్టణంలో తయారయ్యే స్టీలు కత్తి. ఆన్‌లైన్‌లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఇవే. 150 డాలర్లకూ దొరుకుతాయి, 800 డాలర్లకూ దొరుకుతాయి. మూడోది జపాన్‌లో ప్రభుత్వ లైసెన్సు ఉన్న కమ్మరి సంప్రదాయ పద్ధతిలో ఇప్పుడు చేసే కొత్త కత్తి. దీనికి చాలావరకు 10 లక్షల యెన్లు దాటుతుంది. నాలుగోది పాత కత్తి, అంటే వందల ఏళ్లు చేతులు మారుతూ వచ్చిన అసలు జపాన్ కత్తి. దీని ధరకు అంతూ పొంతూ ఉండదు.

వీటిలో ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి "ఏది మంచిది" అని అడగడం కుదరదు. సాధన చేసేవాడికి మంచిది సేకర్తకు చెత్త కావచ్చు. సేకర్త ప్రాణంగా చూసుకునేదాన్ని కోత సాధనలో వాడే తడి చాప మీద కొట్టి చూడటం ఘోరం.

చట్టం సంగతి ముందు

ఇది విసుగు పుట్టించే భాగమే. అయినా సగం ఎంపికలు ఇక్కడే రాలిపోతాయి కాబట్టి దీన్ని ముందు పెట్టాను.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు కత్తులను కూడా ఆయుధాలుగానే లెక్కిస్తాయి. ఇంటి పనికో, వ్యవసాయానికో, పరిశ్రమకో చేసింది కాకుండా, 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడు ఏదైనా ఆ జాబితాలో పడుతుంది. కటానా బ్లేడు పొడవు 24 అంగుళాలకు పైమాటే. విదేశం నుంచి ఆయుధం తెప్పించుకోవాలంటే ఆ చట్టం 10వ సెక్షన్ కింద లైసెన్సు విషయం వస్తుంది. "మేం ఇండియాకు పంపిస్తాం, ఇబ్బంది ఏమీ ఉండదు" అని చైనా అమ్మకందారు చెప్పే మాటకు మన కస్టమ్స్ దగ్గర విలువ లేదు. పార్సిల్ పట్టుబడితే డబ్బూ పోతుంది, సంజాయిషీ కూడా మీరే ఇచ్చుకోవాలి. కొనే ముందే జిల్లా అయితే కలెక్టర్ కార్యాలయంలో, కమిషనరేట్ ఉన్న నగరమైతే పోలీసు కమిషనర్ కార్యాలయంలో ఆయుధ లైసెన్సులు చూసే విభాగాన్ని అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఇయాయిటోకు పదును ఉండదు కానీ, ఎక్స్‌రేలో చూసే అధికారికి అదీ కత్తిలాగే కనిపిస్తుంది. గురువు ఇచ్చిన ఉత్తరం, లోహం వివరం ఉన్న బిల్లు దగ్గర ఉంచుకుంటే మంచిది.

టోక్యోలోనో నగోయాలోనో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకు వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో చేసిన అసలు కత్తిని, రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే, విదేశీయులు కూడా సొంతం చేసుకోవచ్చు. కొన్న 20 రోజుల్లోపు ఆ పత్రం ఇచ్చిన ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యామండలికి యజమాని మారినట్టు తెలియజేస్తే చాలు. కానీ లాంగ్‌చువాన్ స్టీలు కత్తిని జపాన్‌కు తీసుకెళ్లడం నేరం. పదును పెట్టకపోయినా అంతే, ఎందుకంటే అక్కడ రిజిస్టర్ అయ్యేవి సంప్రదాయ కత్తులు మాత్రమే. అక్కడ ఇయాయిటోను ఉక్కుతో కాకుండా వేరే లోహంతో చేయడానికి అసలు కారణం ఇదే. ఆ ఇయాయిటోను కూడా సరైన కారణం లేకుండా వెంట తిప్పకూడదు. దోజోకు, అంటే సాధనశాలకు, వెళ్తుంటే సంచిలో కట్టి తీసుకెళ్లాలి.

బ్రిటన్‌లో 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తుల అమ్మకం, దిగుమతిపై 2008 నుంచి నిషేధం ఉంది. 1954కు ముందు చేసినవి, సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినవి అందులోంచి మినహాయించారు. చేత్తో చేసిందా లేదా అన్న ప్రశ్నకు నిజంగా విలువ ఉన్న చోటు అదొక్కటే కావచ్చు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు. బయట తిప్పే నియమాలు మాత్రం రాష్ట్రానికో రకం, ఊరికో రకం.

మడతలు, సమ్మెట దెబ్బలు

ఇప్పుడు మడతల సంగతి. షిమానె ప్రిఫెక్చర్‌లోని ఒకుఇజుమొలో ఒక తతారా, అంటే ఇనుప ఇసుక నుంచి ఉక్కు తీసే సంప్రదాయ కొలిమి, ఉంది. జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం దాన్ని 1977లో మళ్లీ వెలిగించింది. ఈ సంఘాన్ని ఎన్‌బీటీహెచ్‌కే అంటారు, ఈ పేరు కింద మళ్లీ వస్తుంది. చలికాలంలో మాత్రమే నడిచే ఆ కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు ఇనుప ఇసుకను, కట్టెబొగ్గును వంతులవారీగా పోస్తూ ఉంటారు. సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు పోస్తే రెండున్నర టన్నుల ముద్ద వస్తుంది. అందులో కత్తికి పనికొచ్చే మేలు ఉక్కు, అంటే తమహగనె, ఒక టన్ను కూడా ఉండదు. ఆ ఉక్కులో కార్బన్ ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉంటుంది. మధ్యలో మలినాలూ ఉంటాయి. దాన్ని కాల్చి, కొట్టి, మడిచి, మళ్లీ కొట్టడం వల్ల మలినాలు బయటికి పోయి కార్బన్ అంతటా సమానంగా సర్దుకుంటుంది. పది పదిహేను మడతలు సరిపోతాయి. పది మడతలకే 1,024 పొరలు అవుతాయి. ప్రతి మడతకూ కొంత కార్బన్ కాలిపోతుంది కాబట్టి అంతకు మించి మడిచినా ఒరిగేదేమీ లేదు.

మరి ఫ్యాక్టరీలో తయారైన 1095 రకం కార్బన్ స్టీలును ఎందుకు మడవాలి? అందులో కార్బన్ ముందే సమానంగా ఉంటుంది. మడిస్తే పైన కనిపించే గీతల డిజైను తప్ప బలం పెరగదు. పైగా పొరల మధ్య అతుకు సరిగ్గా పడకపోతే కొత్త లోపం వచ్చిపడుతుంది. 250 డాలర్ల కత్తి మీద "4,096 పొరలు" అని రాసి ఉంటే ఆ డిజైను కోసమే అదనంగా డబ్బు కడుతున్నారని అర్థం. అందానికే కావాలనుకుంటే తీసుకోండి, తప్పేం లేదు. చాపలు కోయడానికైతే మడతలు లేనిదే తీసుకోండి.

చేత్తో కొట్టడం విషయానికి వస్తే, లైసెన్సు ఉన్న జపాన్ కమ్మరుల్లోనూ చాలామంది బరువు పనికి పవర్ హ్యామర్ వాడతారు. పూర్వం సమ్మెట కొట్టే శిష్యులు ఇద్దరు ముగ్గురు ఉండేవారు, ఇప్పుడు లేరు. కత్తి గుణాన్ని తేల్చేది సమ్మెట దెబ్బ ఒక్కటే కాదు. మట్టి పూత, వేడి, నీళ్లలో ముంచిన క్షణం, ఆ తర్వాత రాళ్ల మీద సాన పట్టిన తీరు, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. "స్వచ్ఛమైన జపాన్ ఇనుము" అన్న పట్టింపు కూడా చరిత్రలో అంత గట్టిగా ఏమీ లేదు. 17వ శతాబ్దం మొదట్లో తొకుగావా వంశానికి కత్తులు చేసిన ఎచిజెన్ యసుత్సుగు, ఓడల్లో వచ్చిన విదేశీ ఇనుముతో చేశానని తన కత్తుల మీద గొప్పగా చెక్కుకున్నాడు. అదే శతాబ్దంలో డచ్చివాళ్లు మన కోరమాండల్ తీరం నుంచి ఇనుము, ఉక్కు ఓడలకెత్తి తూర్పు దేశాలకు పంపేవారు. ఆ వ్యాపారానికి మచిలీపట్నం పెద్ద కేంద్రం.

సాధన చేసేవాళ్లకు

ఇయాయిడో, అంటే ఒరలోంచి కత్తి దూసే విద్య, మొదలుపెట్టి రెండు మూడేళ్లు కానివాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇయాయిటో కొనండి, పదునైన కత్తి జోలికి వెళ్లకండి. ఒరలోంచి తీయడం కంటే తిరిగి పెట్టడం ప్రమాదం. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీదుగా బ్లేడు వెన్ను జారుతూ వెళ్తుంది. కోణం కాస్త తప్పితే అక్కడ పడేది అంచు. కొత్తవాళ్లకు ఎక్కువగా తెగేది ఆ చోటే. ఇయాయిటో కొన కూడా గుచ్చుకుంటుంది కానీ, చెయ్యి తెగదు.

బరువు కంటే పొడవు ముఖ్యం. జపాన్‌లో బ్లేడు పొడవును షకు, సున్‌లలో చెబుతారు. ఒక షకు 30.3 సెంటీమీటర్లు, అందులో పదోవంతు ఒక సున్. 165 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి సుమారు 2.35 షకు, 170కి 2.4, 175కి 2.45, 180కి 2.5 అని మామూలు లెక్క. చేతుల పొడవును బట్టి, మీరు నేర్చుకునే శాఖను బట్టి ఇది మారుతుంది. కాబట్టి డబ్బు కట్టే ముందు గురువుగారిని అడగండి. సైట్‌లో ఉన్న పట్టిక ఆయనను మించింది కాదు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ప్రత్యేకమైన కత్తి కోసం వెతకనక్కర్లేదు. ఈ విద్యలో ఒర అందరికీ ఎడమవైపే, కత్తి తీసేది అందరూ కుడిచేత్తోనే.

బ్లేడు పక్కన పొడుగ్గా ఉండే గాడిని హి అంటారు. అది ఉంటే బరువు తగ్గుతుంది, సరిగ్గా ఊపినప్పుడు "స్సుయ్" మని శబ్దం వస్తుంది. ఒంటరిగా కాతాలు (నిర్ణీత కదలికల వరసలు) చేసేవాళ్లకు ఆ శబ్దం మంచి సూచన, దెబ్బ వంకర పోతే వినిపించదు. అందుకే ఇయాయిటోకు గాడి ఉన్నదే తీసుకోండి. ఒక హెచ్చరిక: ఇయాయిటో దేన్నైనా గట్టిగా తాకితే విరగవచ్చు. జోడీగా చేసే సాధనకు బొక్కెన్ అనే చెక్క కత్తి వాడాలి.

చుట్టి నానబెట్టిన తతామి చాపను కోసే సాధన తమేషిగిరి. దానికి మాత్రం స్టీలు కావాలి. లాంగ్‌చువాన్ కత్తులకు నిజంగా విలువ ఉన్న చోటు ఇదే. రెండు దారులున్నాయి. మొదటిది బ్లేడు మొత్తాన్ని ఒకేలా గట్టిపరచిన స్ప్రింగ్ స్టీలు: 9260, 5160 లాంటివి. దెబ్బ వంకరగా పడితే వంగి తిరిగి నిటారుగా వస్తుంది. రెండోది మట్టి పూసి అంచును మాత్రమే గట్టిపరచిన 1095 లేదా టీ10. అంచు, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద, 58, 60 దాకా ఉంటుంది. వెన్ను 40 దగ్గర మెత్తగా ఉంటుంది. అంచు మీద నిజమైన హమోన్, అంటే గట్టిపడిన అంచుకూ మెత్తటి భాగానికీ మధ్య కనిపించే గీత, వస్తుంది, పదును బాగా నిలుస్తుంది. కానీ దెబ్బ తప్పితే బ్లేడు వంగి అలాగే ఉండిపోతుంది. లేదా అంచు పెచ్చు ఊడుతుంది.

కొత్తగా కోత మొదలుపెట్టేవాళ్లు స్ప్రింగ్ స్టీలే తీసుకోవాలని నా సలహా. చూడ్డానికి అంత బాగోదు, హమోన్ ఉండదు, ఉన్నట్టు కనిపిస్తే అది యాసిడ్‌తోనో వైరు బ్రష్‌తోనో గీసినది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే ఇబ్బంది లేదు. "మట్టి పూతతో చేసిన నిజమైన హమోన్" అని చెప్పి అమ్మితేనే మోసం. ఒకే బల్బు వెలుగులో కత్తిని నెమ్మదిగా తిప్పి చూడండి. నిజమైన హమోన్ సరిహద్దులో సన్నని మెరిసే రేణువులు, పొగమంచు లాంటి లోతు కనిపిస్తాయి. గీసిన గీత ఏ కోణంలో చూసినా చదునుగా తెల్లగానే ఉంటుంది. చెయ్యి కుదిరి, దెబ్బ ఎటు పడుతుందో మీకే తెలిసిన తర్వాత టీ10 వైపు వెళ్లవచ్చు. కోతకు గాడి లేని బ్లేడు మేలు, తప్పు దెబ్బను కాస్త ఎక్కువ తట్టుకుంటుంది.

స్టీలు గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు పిడి గురించి పట్టించుకోరు. ప్రమాదాలు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. బ్లేడు పిడి లోపలికి కొనసాగే భాగాన్ని నకగో అంటారు. దాన్ని పట్టి ఉంచేవి ఒకటో రెండో వెదురు మేకులు, వాటి పేరు మెకుగి. చవక కత్తుల్లో వెదురుకు బదులు మెత్తటి చెక్క పెడతారు. మేకు తిరుగుతున్నా, నలిగినా, పిడి చెక్కలో నెర్ర కనిపించినా ఆ రోజు ఆ కత్తి ముట్టుకోకూడదు. సాధనకు ముందు ప్రతిసారీ చూడాల్సింది ఇదే. చుట్టిన తాడు బొటనవేలితో తోస్తే జరగకూడదు. దాని కింద ఉండే టేకు చేప (రే చేప) చర్మం అసలుదైతే గట్టి పట్టు ఇస్తుంది, ప్లాస్టిక్ అయితే ఇవ్వదు. ఒర మూతి మరీ వదులుగా ఉంటే వంగినప్పుడు కత్తి దానంతట అదే జారి బయటికి వస్తుంది.

100 డాలర్లలోపు దొరికే స్టెయిన్‌లెస్ అలంకరణ కత్తులు గోడకు తగిలించడానికే. వాటిలో చాలావరకు బ్లేడు చివర సన్నని కడ్డీ అతికించి పిడిలో దూర్చి ఉంటుంది. ఒక్క ఊపుకే బ్లేడు ఊడి ఎగిరిపోవచ్చు. ఫొటో కోసం కూడా ఊపకండి.

సేకరించేవాళ్లకు

సేకర్త మొదట తెలుసుకోవాల్సింది: లాంగ్‌చువాన్ కత్తి ఎంత బాగున్నా వాడిన వస్తువే అవుతుంది, దానికి మళ్లీ అమ్మకం విలువ పెద్దగా ఉండదు. ఐదు అలాంటి కత్తులు కొనే డబ్బుతో ఒక అసలు వకిజాషి, అంటే పొట్టి రకం జపాన్ కత్తి, వస్తుంది.

తొలి కత్తిగా కటానానే కావాలని అందరూ కోరుకుంటారు, ధర కూడా దానికే ఎక్కువ. 60 సెంటీమీటర్లు దాటితే కటానా, 30 నుంచి 60 మధ్య ఉంటే వకిజాషి, అంతకు తక్కువైతే టాంటో. ఎడో యుగంలో (17-19 శతాబ్దాలు) సమురాయ్‌లు కాని వ్యాపారులు కూడా వకిజాషి పెట్టుకునేవారు కాబట్టి అవి చాలా మిగిలాయి. అదే తరగతి పనితనం కటానాలో దొరకాలంటే దాదాపు రెట్టింపు ధర పెట్టాలి. ఎన్‌బీటీహెచ్‌కే పత్రాలున్న మంచి స్థితి వకిజాషి రెండు మూడు వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది, కటానా అయితే సుమారు ఐదు వేల నుంచి. నా ఓటు వకిజాషికే. కళ్లకు నేర్పడానికి కావాల్సిన హమోన్, ఉక్కు పొరల జాడ, కొన ఆకారం అన్నీ అందులోనూ ఉంటాయి.

పత్రాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. తోరోకుషో అంటే జపాన్ రిజిస్ట్రేషన్ కార్డు. వేలం సైట్లలో చాలామంది దీన్నే "అధికారిక ధ్రువీకరణ" అని చూపిస్తారు. అది బండి ఆర్‌సీ లాంటిది. బండి రిజిస్టర్ అయిందని చెబుతుంది, ఇంజిను బాగుందని చెప్పదు. కార్డు మీద ఫలానా మహాకమ్మరి పేరు ఉందంటే, నకగో మీద ఆ అక్షరాలు ఉన్నాయని మాత్రమే అర్థం. అవి నిజంగా అతను చెక్కినవా కాదా అన్నది అందులో ఉండదు. పైగా కత్తి దేశం దాటేటప్పుడు ఆ కార్డు వెనక్కి ఇచ్చేసి, సాంస్కృతిక వ్యవహారాల ఏజెన్సీ నుంచి ఎగుమతి పత్రం తీసుకోవాలి.

సంతకం అసలుదా, పనితనం ఏ స్థాయిదా అన్నది చెప్పేవి ఎన్‌బీటీహెచ్‌కే ఇచ్చే మదింపు పత్రాలు. 1948లో మొదలైన ఆ సంఘం ఇప్పుడు నాలుగు మెట్లలో పత్రాలిస్తుంది: హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో. మొదటి రెండు మామూలు సేకర్తకు అందుబాటులో ఉండేవి. పై రెండూ మ్యూజియం స్థాయివి, వాటి గురించి ఆలోచించే స్థితిలో ఉన్నవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు. 1982కు ముందు నడిచిన పాత పద్ధతి పత్రాలు కూడా బజార్లో తిరుగుతుంటాయి. వాటిలో కొన్నింటి మీద అనుమానాలున్నాయి కాబట్టి పెద్ద పేరున్న కత్తికి పాత పత్రం ఒక్కటే చూపిస్తే, కొత్త పత్రం తెప్పించాకే కొంటానని చెప్పండి. అమ్మేవాడు ఎందుకు మళ్లీ పంపలేదో ఆలోచించండి.

దొంగ సంతకాలు ఈ లోకంలో కొత్త కాదు. ఎడో యుగంలోనే ఉండేవి. 17వ శతాబ్దపు పేరున్న కమ్మరి కొతెత్సు పేరు కనిపిస్తే ముందు దొంగదనే అనుకోవాలని సేకర్తల్లో వాడుక. పత్రాలు లేని కత్తి మీద గొప్ప పేరు ఉంటే, ఆ పేరు లేదనుకుని ధర కట్టండి. సంతకం లేదంటే తక్కువ కత్తని కాదు. పాత పొడవు కత్తులను తర్వాతి కాలంలో పిడి వైపు నుంచి కోసి పొట్టి చేసినప్పుడు సంతకం పోయినవి ఎన్నో ఉన్నాయి. పత్రం ఉన్న సంతకం లేని కత్తి, పత్రం లేని సంతకం ఉన్న కత్తి కంటే నూరుపాళ్లు మేలు.

వయసును చూసి మోసపోకండి. 16వ శతాబ్దపు యుద్ధాల కాలంలో బిజెన్ ప్రాంతంలో సైనికుల కోసం కట్టల లెక్కన కత్తులు చేసి పంపారు. 450 ఏళ్ల కత్తి అని గర్వంగా చెప్పుకోవచ్చు కానీ, పనితనంలో అది నిన్నమొన్న శ్రద్ధగా చేసిన కత్తికి సాటి రాకపోవచ్చు.

లోపాల్లో క్షమించరానిది హగిరె, అంటే అంచుకు అడ్డంగా వెన్ను వైపు సాగే సన్నని పగులు. వెంట్రుక కంటే సన్నగా ఉంటుంది, ఫొటోల్లో కనబడదు. అది ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. నిప్పుల్లో పడి గట్టిదనం పోయి మళ్లీ ముంచిన బ్లేడును కూడా చాలామంది సేకర్తలు ముట్టరు. శతాబ్దాల సానకు పైపొర అరిగిపోయి లోపలి మెత్తటి ఉక్కు మచ్చలుగా బయటపడిన కత్తిని "అలిసిపోయింది" అంటారు. అది నేర్చుకోవడానికి పనికొస్తుంది, డబ్బు పెట్టడానికి కాదు. చిన్న బుడగలు, పొర విడిన జాడలు మాత్రం పాత కత్తుల్లో మామూలే. వాటికి భయపడి మంచి కత్తి వదులుకోకండి.

కొత్త కత్తా, పాతదా? ఈ ప్రశ్న దగ్గర నేను కాస్త పక్షపాతిని. లైసెన్సు ఉన్న కమ్మరి నెలకు రెండు పొడవు కత్తులు లేదా మూడు పొట్టివి మించి చేయకూడదని జపాన్‌లో నియమం. లైసెన్సు రావాలంటే ముందు లైసెన్సు ఉన్న గురువు దగ్గర ఏళ్ల తరబడి శిష్యరికం చేయాలి. కొత్త కత్తి విషయంలో దొంగ సంతకం టెన్షన్ లేదు, లోపం లేదు, మీ ఎత్తుకు తగిన పొడవు చెప్పి చేయించుకోవచ్చు, బతికున్న కళాకారుడికి డబ్బు చేరుతుంది. అలాంటి కత్తితో ఇయాయిడో కూడా చేయవచ్చు. కానీ అదే డబ్బుకు పత్రాలున్న మంచి పాత కటానా వచ్చేస్తుంది, తిరిగి అమ్మాలనుకుంటే పాతదానికే గిరాకీ. పెట్టుబడి దృష్టితో చూసేవాళ్లు పాతదే కొంటారు. నేనైతే డబ్బు కూడితే కొత్తదానికే వెళ్తాను. కమ్మరితో మాట్లాడి, ఏ శాఖ తీరు కావాలో చెప్పి, నెలలు ఆగి అందుకోవడంలో ఉన్న ఆనందం వేలంలో గెలిస్తే రాదు.

రెండో ప్రపంచ యుద్ధపు సైనిక కత్తుల గురించి క్లుప్తంగా: ఎక్కువ భాగం యంత్రాల మీద చేసి, నూనెలో గట్టిపరచినవి. చరిత్ర వస్తువులుగా వాటికి విలువ ఉంది, కళగా లేదు. అప్పుడప్పుడూ సైనిక పిడిలో కుటుంబపు పాత బ్లేడు దొరుకుతుంది. నకగో మీద యుద్ధకాలపు ముద్ర ఉంటే అది పాతది కాదు. యంత్రం కత్తిని జపాన్‌కు తిరిగి తీసుకెళ్లాలనుకోకండి, అక్కడ అది రిజిస్టర్ కాదు.

కొనే ముందు కళ్లకు పని చెప్పండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తులు కనిపిస్తాయి. గాజు వెనక, తక్కువ వెలుగులో చూడటమే అయినా వంపు, కొలతలు అర్థమవుతాయి. టోక్యో వెళ్తే ర్యోగోకులో ఎన్‌బీటీహెచ్‌కే వారి ఖడ్గ మ్యూజియం ఉంది. అక్కడ లైట్లు హమోన్ కనిపించేలా అమర్చి ఉంటాయి, మోకాళ్లు వంచి కిందికి దిగి చూడండి. పది మంచి కత్తులు అలా చూశాక ఆన్‌లైన్ ఫొటోల్లో ఏది దాస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక

స్టీలు కత్తికి నూనె పట్టించాలి. సంప్రదాయంగా వాడే చోజి నూనె అంటే లవంగ నూనెనే కానీ, ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ఎక్కువగా మినరల్ ఆయిల్‌లో కాస్త లవంగ వాసన కలిపినది. మందుల షాపులో పంటినొప్పికి అమ్మే లవంగ నూనె రాయకండి. కుట్టుమిషన్ నూనె సన్నని పూతగా రాసినా సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట్ల నెలకోసారైనా తుడిచి మళ్లీ రాయండి. వేలితో బ్లేడును ముట్టుకుంటే చెమట ఉప్పుకు అక్కడే తుప్పు మొదలవుతుంది. అలంకరణ ఉన్న ఒర నిలవుంచడానికి కాదు, వెంట తీసుకెళ్లడానికి. విలువైన పాత బ్లేడును అలంకరణ లేని తెల్ల చెక్క ఒరలో, షిరసాయాలో పెట్టి, పిడి సామగ్రిని వేరుగా భద్రపరుస్తారు.

సినిమాల్లో తెల్లటి గుండు లాంటిదాన్ని బ్లేడు మీద కొడుతూ కనిపించేది ఉచికో పొడి. పాత నూనె తీయడానికి వాడతారు. అది నిజానికి మెత్తటి రాతి పొడి, ఎక్కువగా వాడితే మంచి పాలిష్‌ను సన్నగా గీస్తుంది. చవక సెట్లలో వచ్చే ఉచికో గరుకుగా ఉంటుంది. పాత కత్తి అయితే మెత్తటి కాగితం, శుద్ధమైన ఆల్కహాల్‌తో తుడవడమే సురక్షితం.

నకగో మీద ఉన్న గోధుమ నలుపు తుప్పును ఎప్పుడూ తీయకండి. వయసును చెప్పేది ఆ తుప్పే. మెరిసేలా రుద్దేస్తే కత్తి విలువలో పెద్ద భాగం ఆ మధ్యాహ్నమే పోతుంది. బ్లేడు మీద తుప్పు చుక్క కనిపిస్తే ఎమెరీ కాగితం పట్టుకోకండి, ఊళ్లో సాన పట్టేవాళ్ల దగ్గరికీ తీసుకెళ్లకండి. నూనె రాసి అలాగే ఉంచి, జపాన్ పద్ధతి నేర్చుకున్న పాలిషర్‌కు ఫొటోలు పంపి అడగండి. ఒక కటానాకు పూర్తి పాలిష్‌కు వారాలు పడుతుంది, రెండు మూడు వేల డాలర్లు అవుతుంది. అందుకే పాలిష్ బాగా లేని కత్తి "చవకగా" వస్తోందంటే ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. లాంగ్‌చువాన్ కత్తికి ఆ లెక్క అవసరం లేదు. దాని అంచు మొద్దుబారితే నీటిరాయి మీద సాన పట్టడం మీరే నేర్చుకోవచ్చు, తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి అంతకంటే మంచి కత్తి దొరకదు.